బేతాళ ప్రశ్న, రక్తపిశాచి జవాబు: 'బ్లడ్‌లైన్స్' ఆటలో సంభాషణౌచిత్యం

బేతాళ కథలను 1870లో ఇంగ్లీషులోకి తెచ్చిన రిచర్డ్ బర్టన్ ఆ గ్రంథానికి 'విక్రమ్ అండ్ ద వాంపైర్' అని పేరు పెట్టాడు. నిజానికి ఆ కథల్లో బేతాళుడి పని రక్తం తాగడం కాదు, శవాన్ని ఆవహించి ప్రశ్నించడం. అయినా ఈ పొరపాటు పోలికలో ఒక ఉపయోగం ఉంది. రక్తపిశాచి కథకు ప్రాణం కోరల్లో ఉందా, మాటలో ఉందా అన్న ప్రశ్నను అది ముందుకు తెస్తుంది. 2004 నవంబరు 16న విడుదలైన 'వాంపైర్: ద మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్' అనే కంప్యూటర్ ఆటను ఈ ప్రశ్నతోనే పరిశీలించవలసి ఉంది. ట్రోయికా గేమ్స్ నిర్మించి, యాక్టివిజన్ ప్రచురించిన ఈ ఆటకు 1991 నాటి ఒక బల్లమీది పాత్రధారణ క్రీడ ఆధారం. కథాస్థలం లాస్ ఏంజెలెస్ నగరం.

రెండు కథల చట్రాలూ ఆశ్చర్యకరంగా కలుస్తాయి. కథాసరిత్సాగరంలో రాజు ఒక భిక్షువు కోసం రాత్రివేళ శవాన్ని మోస్తాడు. ఆ భిక్షువు తననే బలి ఇవ్వదలచాడని అతనికి చివరిదాకా తెలియదు. బ్లడ్‌లైన్స్‌లో కొత్తగా రక్తపిశాచిగా మారిన కథానాయకుడు, నగర పిశాచాల అధిపతి లాక్రోయి పంపిన చోటికల్లా వెళ్లి, ఒక పురాతన శవపేటికను వెతుకుతాడు. లాక్రోయి కోరేదీ భిక్షువు కోరిందీ ఒకటే: శవం ద్వారా అధికారం.

ఆట గొప్పతనమంతా ఈ ఊడిగాన్ని మాటల్లో నడిపిన తీరులో ఉంది. శత్రువును చంపినందుకు కాక అప్పగించిన పని నెరవేర్చినందుకు అనుభవ పాయింట్లు దక్కుతాయి. కాబట్టి ఒప్పించడం, బెదిరించడం, వలపన్నడం కత్తితో సమానమైన ఆయుధాలవుతాయి. ఏడు వంశాల్లో దేన్ని ఎంచుకుంటే ఆ వంశానికి తగిన లోకం ఎదురవుతుంది. వికృతరూపులైన నోస్ఫెరాటు వంశీయులు జనం కంటబడితేనే రహస్యభంగం. అలాంటి తప్పులు ఐదైతే ఆట ముగిసినట్టే. మాల్కేవియన్ వంశాన్ని ఎంచుకుంటే కథానాయకుడి సంభాషణలన్నీ ఉన్మత్త ప్రలాపాలుగా మారతాయి. అతడు రోడ్డుపక్కన ఆగమని చెప్పే గుర్తుపలకతోనూ వాదానికి దిగుతాడు. అయితే ఆ పిచ్చిమాటల్లోనే ఇతర పాత్రలు దాచుకున్న నిజాలు ముందుగా తొంగిచూస్తాయి. ఒకసారి ఆట పూర్తిచేసిన వ్యక్తికే ఆ మాటల అర్థం పూర్తిగా అందుతుంది. పునఃపఠనానికి ఇంతగా ప్రతిఫలమిచ్చే సంభాషణారచన అచ్చు సాహిత్యంలోనూ తరచుగా కనబడదు.

దీనికి పూర్తిగా భిన్నమైన ప్రయోగం లాక్రోయి సన్నిధిలో జరుగుతుంది. అతని ఆజ్ఞను కాదనబోతే అతని వశీకరణ శక్తి పనిచేసి, తెరపై ఉన్న జవాబులన్నీ అంగీకారవాక్యాలుగా మారిపోతాయి. మాట్లాడే హక్కు ఉన్నట్టే ఉంటుంది, చెప్పగలిగిన మాట మాత్రం ఒక్కటే. పరాధీనత గురించి వర్ణన ఏదీ లేకుండానే ఆడేవారు దాన్ని అనుభవిస్తారు.

హెదర్ ఉపకథ కడప, కర్నూలు ప్రాంతాల పాఠకులకు మరింత దగ్గరగా తోస్తుంది. వైద్యశాలలో చావుబతుకుల్లో ఉన్న ఆ యువతికి కథానాయకుడు తన రక్తమిస్తే ఆమె బతుకుతుంది, కాని అతనికి బానిస అవుతుంది. డబ్బు తెచ్చిస్తుంది, అతని ఆకలి తీర్చడానికి ఒక మనిషిని మభ్యపెట్టి తెచ్చి గదిలో బంధిస్తుంది. ఉప్పు తిన్న విశ్వాసం పేరుతో ఫ్యాక్షన్ నాయకుడి వెంట నడిచే అనుచరుడి మనస్తత్వం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. వెళ్లిపొమ్మని కఠినంగా తరిమితేనే ఆమెకు బతుకు. ప్రేమగా దగ్గరుంచుకుంటే శత్రువుల చేతిలో చావు. ఇక్కడ కరుణ పరుషవాక్యంగా వెలువడవలసి రావడం ఆట మొత్తంలో అత్యుత్తమ ఘట్టం.

ఇంతటి రచన చివరి మూడోవంతులో చెదిరిపోతుంది. హాలీవుడ్ కింది మురుగుకాలువల ఘట్టం మొదలుకొని హాలోబ్రూక్ హోటల్, చివరి వెంచర్ టవర్ వరకు పోరాటం మీద పోరాటం వచ్చిపడుతుంది. అంతవరకు మాటకారితనాన్ని పెంచుకున్న పాత్రకు అక్కడ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. బృహత్కథామంజరిలో బేతాళ కథలను తిరిగి చెప్పిన క్షేమేంద్రుడే 'ఔచిత్యవిచారచర్చ' కర్త కూడా. ఆ కొలమానంతో చూస్తే ఇది కేవలం సాంకేతిక లోపం కాదు, ఔచిత్యభంగం. ఆట తానే నేర్పిన విలువను తానే రద్దు చేసింది. లోపాలతోనే విడుదలైన మాటా, ట్రోయికా 2005లోనే మూతబడిన మాటా నిజమే. అభిమానులు ఏళ్ల తరబడి సవరణలు చేస్తూ చాలా లోపాలను తొలగించారు. కాని నిర్మాణంలోనే ఉన్న ఈ అసమతౌల్యం సవరణలకు లొంగేది కాదు. కొట్లాటే లేకుండా భయానకరసాన్ని పోషించిన ఓషన్ హౌస్ హోటల్ ఘట్టం ఇదే ఆటలో ఉంది గనుక, నిర్మాతలకు వేరే దారి తెలియదని అనడానికి వీల్లేదు.

చైనాటౌన్ చిత్రణ మరో లోపం. సాంటా మోనికా పాత్రలకు దక్కిన లోతు అక్కడివారికి దక్కలేదు. యాస, కుట్ర, వింత అనే మూసలోనే వారు మిగిలారు. రాయలసీమను నెత్తుటి నేలగా మాత్రమే చూపిన సినిమాలను ప్రశ్నించే సీమ పాఠకులకు ఈ బయటిచూపు కొత్తది కాదు.

బేతాళ కథల్లో రాజు జవాబు చెప్పిన ప్రతిసారీ శవం చెట్టుకు చేరుతుంది; చివరి ప్రశ్నకు జవాబు తోచక మౌనం వహించినప్పుడే కథ ముందుకు కదులుతుంది. ఆ మౌనాన్ని అంతకుముందరి సంభాషణలన్నీ కలిసి సిద్ధంచేశాయి. బ్లడ్‌లైన్స్ చివర్లో ఆవరించే మౌనానికి అలాంటి సిద్ధత లేదు. అయితే ఒక్క మినహాయింపు ఉంది. ఆఖరి పోరాటానికి ముందు, ముఖం సరిగా కనబడని టాక్సీ డ్రైవరు ఎవరి పక్షాన నిలుస్తావో తేల్చుకొమ్మని కథానాయకుణ్ణి నిలదీస్తాడు. బేతాళుడు అడగదగిన ప్రశ్న అది. జవాబు వినగానే కారు కదులుతుంది, ఆ తర్వాత మళ్లీ తుపాకులే.