పట్టు

తెలుగు కథల్ని ఇంగ్లిషులోకి మార్చడం నా పని. పెద్ద పెద్ద సమాసాలు వస్తే నిఘంటువు ఆదుకుంటుంది. 'పట్టు' దగ్గర మాత్రం ప్రతిసారీ కలం ఆగిపోతుంది. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువులో ఈ మాట కింద అర్థాలు బారులు తీరి ఉంటాయి. అయినా నా వాక్యానికి సరిపోయేది నేనే వెతుక్కోవాలి.

చేపలు పట్టడం, పచ్చళ్లు పట్టడం, నోము పట్టడం, పంతం పట్టడం. వీటిలో పట్టేది మనం. ఇనుముకు తుప్పు పట్టింది, గోడకు చెమ్మ పట్టింది, నుదుటికి చెమట పట్టింది అన్నప్పుడు పట్టేవి అవి. చదువు కూడా అంతే. మనం చదవగలం, ఒంటబట్టాల్సింది అదే. ఇంగ్లిషులో తుప్పుకొక క్రియ, చెమటకొక క్రియ, గంట పట్టిందనడానికి ఇంకొకటి. అర్థం దాటుతుంది గానీ, ఇవన్నీ ఒకే ఇంటివన్న సంగతి ఇవతలే ఉండిపోతుంది. పట్టుచీర ఒక్కటే ఈ ఇంటిది కాదు, అది సంస్కృత 'పట్ట'కు చుట్టం.

ఇంకో చిత్రం. వాన పడుతుంది, నిద్ర పడుతుంది. రెండూ ఒక్కలాగే ఉంటాయి. నిన్నటి సంగతి చెప్పేటప్పుడే తేడా బయటపడుతుంది: వాన పడింది, నిద్ర పట్టింది.

ఈ మాట లోతు నాకు తెలిసింది అమ్మ మంచం పట్టిన ఏడాది. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో అమ్మ కర్త, మంచం కర్మ. రోజూ చూసే నాకు మాత్రం మంచమే అమ్మను పట్టుకున్నట్టుండేది. రాత్రిళ్లు పక్కన కూర్చుని కాళ్లు పట్టేదాన్ని.

"ఇక చాల్లేవే, పడుకో. పొద్దున్నే లేవాలిగా" అనేది.

"నీకు నిద్ర పట్టాక పడుకుంటాలేమ్మా."

కాళ్లు పట్టడం నా చేతిలో పని. నిద్ర పట్టడం నా చేతిలోనూ లేదు, ఆమె చేతిలోనూ లేదు. ఒకటి చేస్తూ రెండోదాని కోసం కాచుకోవడమే ఆ రాత్రుళ్లన్నీ.

మొన్న ఒక కథలో అచ్చం అలాంటి వాక్యమే ఎదురైంది. కూతురు కాళ్లు పడుతుంటే తల్లికి నిద్ర పట్టింది. ఇంగ్లిషులో రెండు వేర్వేరు క్రియలు రాశాను. తప్పేమీ లేదు. కానీ కూతురి చేతుల్లోంచి తల్లి కళ్లలోకి వెళ్లిన ఆ ఒక్క మాట నా అనువాదంలో లేదు.