ఓవెనులో హామ్

వర్జీనియా వంటయిండ్లయందు, ఉప్పున నూరి పొగపట్టి ముందే పక్వమై వచ్చిన హామును, అనగా వరాహపు తొడమాంసమును, పండుగనాడు మరల వెచ్చజేయు నేర్పు చూచువారికి స్వల్పముగ దోచినను నిజమునకు నిగ్రహవిద్యయే. ఏలయన, ఒకమాఱు వండిన మాంసమున చెమ్మ కొంత తగ్గియే యుండును. ఓవెనును 325 ఫారన్‌హీటు డిగ్రీల యొద్ద నిలిపి, కోసినవైపు క్రిందగునట్లు తొడను పళ్ళెరమున నుంచి, అడుగున కొంచెము నీరు పోసి, రేకుతో గప్పి, ఎముకకు దగులకుండ ఉష్ణమాపకమును గ్రుచ్చి, లోపల 140 డిగ్రీలగువఱకు వేచియుండవలెను. బెల్లపుచాయ చక్కెరయు ఆవపిండియు గలిపిన పూతను తుది అరగంటలోనే పూయుదురు. తొందరపడినచో చక్కెర మాడి చేదెక్కును. కొవ్వుపై గాట్లు పెట్టి లవంగములు గ్రుచ్చుట వట్టి అలంకారమని కొందఱందురు. వారా పరిమళము నాఘ్రాణింపలేదు కాబోలు! విప్పి తిని మిగిల్చినదైనచో మాత్రము లోపల 165 డిగ్రీలు చేరనిదే ఓవెనునుండి వెలికి తీయరాదు.