పట్టికలు ఖాళీగా అచ్చువేయండి

బుడాపెస్ట్‌లో తమాష్ వర్గా అనే లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయన తరగతిని రెండు జట్లు చేసేవారు. మొదటి జట్టులో ప్రతి పిల్లవాడూ నాణెం 200 సార్లు నిజంగా ఎగరేసి, పడింది పడ్డట్టు రాయాలి. రెండో జట్టు నాణెం ముట్టుకోకుండానే, ఎగరేసినట్టు ఊహించుకుని బొమ్మా బొరుసూ వరస రాయాలి. కాగితాలన్నీ కలిపి చేతికిస్తే ఏది అసలో ఏది కల్పితమో ఆయన చాలామట్టుకు సరిగ్గా విడదీసేసేవారు! నిజం నాణెం 200 ఎగరవేతల్లో ఎక్కడో ఒకచోట దాదాపు తప్పకుండా వరసగా ఆరేడు బొమ్మలో బొరుసులో పడేస్తుంది. ఊహించి రాసేవాడికి అంత గుండె ఉండదు. నాలుగు బొమ్మలు రాసేసరికి చెయ్యి తనంతట తనే బొరుసుకు మళ్లుతుంది. అవకాశం ఎలా నడుచుకుంటుందో పదేళ్ల పిల్లలకు ఇంతకన్నా అందంగా చూపించిన పాఠం నాకు తెలిసి మరొకటి లేదు. ఆయన 1963లో మొదలుపెట్టిన ప్రయోగాలు పెరిగి పెరిగి 1978లో హంగరీ ప్రాథమిక పాఠశాలల గణిత ప్రణాళికలోకి ఎక్కాయి.

అంత దూరం ఎందుకు, మన సి.ఆర్. రావు గారు ఉండేవారు కాదూ! ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, కలకత్తా వెళ్లి గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ దగ్గర చేరి, 1945లో పాతికేళ్ల వయసులో ప్రపంచం తలతిప్పి చూసే ఫలితాలు ఇచ్చిన మనిషి. అంతటి సిద్ధాంతకర్త కూడా విద్యార్థుల చేత నాణేలు ఎగరేయించడం, సంచిలోంచి పూసలు తీయించడం చిన్నతనంగా భావించలేదు. ముందు చెయ్యి, తరవాత సూత్రం అనే పక్షం వాణ్ణి నేను. ఈ విషయంలో రెండో పక్షంతో నాకు రాజీ లేదు.

సామగ్రికి కానీ ఖర్చు లేదు. చింతపిక్కలు, సీసామూతలు, నాలుగు గవ్వలు చాలు. ఆ గవ్వలతో ఆడే అష్టాచెమ్మా మహాభారత కాలం నాటిదని పెద్దలు చెప్పుకుంటారు. అదెలా ఉన్నా, పిల్లలకు సంభావ్యత నేర్పడానికి గవ్వను మించిన పనిముట్టు లేదనే అంటాను. నాణెం అయితే ‘రెండు ముఖాలు, కాబట్టి సగం సగం’ అని కూర్చున్నచోటే వాదించవచ్చు. గవ్వకు ఆ వాదన చెల్లదు. వెల్లకిలా ఎన్నిసార్లు పడుతుందో, బోర్లా ఎన్నిసార్లు పడుతుందో వేసి చూడాల్సిందే. ఒక్కో గవ్వది ఒక్కో తీరు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఈ రెండింటిలో ఏది అరుదన్నది మీ ఇంటి గవ్వలు చెప్పాలి, పుస్తకం చెప్పలేదు.

పద్ధతి ఇది. పది జట్లు, అన్ని జట్లకూ ఒకటే గవ్వ, జట్టుకు 50 సార్లు, ఒకరి తరవాత ఒకరు. వెల్లకిలా పడినప్పుడల్లా ఒక గీత, అయిదో గీత అడ్డంగా. జట్ల లెక్కలు బోర్డు మీద పక్కపక్కన పెడితే ఒకటి ఇటు, ఒకటి అటు. ‘మాది తప్పా సార్?’ అని పిల్లలు బెంగపడతారు. మంచి మాస్టారు ఇక్కడే తెలుస్తాడు. ఆయన తప్పు దిద్దడు, పదింటినీ వరసగా కూడమంటాడు. 50, 100, 150... కూడుతున్నకొద్దీ ఊగులాట తగ్గి వెల్లకిలా పడ్డ భాగం ఒకచోట కుదురుకుంటుంది. నాణెమూ ఇంతే: రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్ నాణెం 10,000 సార్లు ఎగరేసి 5,067 బొమ్మలు లెక్కపెట్టాడు. ఎంత ఓపిక!

సగటుకు భాగహారం తరవాత. అయిదుగురు పిల్లలు తమ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని సీసామూతలు దొంతి పెడతారు: 3, 4, 4, 6, 8. ఎత్తు దొంతి లోంచి పొట్టి దొంతి మీదికి మార్చుకుంటూ పోతే అన్నీ 5 దగ్గర సమమవుతాయి. అంకమధ్యమం అంటే ఆ సమానమైన వాటా అని వేళ్లకు తెలిసిపోతుంది. మధ్యగతానికి తొమ్మిదిమందిని ఎత్తు వరసలో నిలబెడితే అయిదో పిల్ల చెయ్యెత్తుతుంది. ఇప్పుడు చివరి పొడుగు కుర్రాణ్ణి పక్కకు పంపి, ఆ చోట ఆరడుగుల మాస్టారే నిలబడతాడు. సగటు ఎత్తు పైకి జరుగుతుంది, నడుమ పిల్ల మాత్రం కదలదు. ఆదాయాల గురించి పత్రికల్లో వచ్చే సగటులను నమ్మాలా వద్దా అన్న ప్రశ్నకు దారి ఈ వరసలోనే ఉంది.

ఇక ఈనాటి తరగతి గదికి వస్తే కడుపు మండుతుంది. దత్తాంశ నిర్వహణ పాఠంలో పట్టిక ముందే నింపి ఉంటుంది, ఎవరో ఊహించి వేసిన అంకెలతో. పిల్లవాడు కూడతాడు, భాగిస్తాడు, మార్కు తెచ్చుకుంటాడు. ప్రాజెక్టు పని అంటే గైడులోంచి ఎక్కించడమే. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టినట్టు, ఎవరూ వెయ్యని పాచికల ‘ఫలితాలు’ రంగు కమ్మీ చిత్రాలై గోడల మీద వేలాడతాయి. తెర మీద మీట నొక్కితే నాణెం వెయ్యిసార్లు ఎగిరే పాఠాలు కొని గొప్పలు పోయే బడులున్నాయి. ఎగరేసి చెయ్యి నొచ్చిన పిల్లవాడికి ఆ తెర ఎంతో ఉపయోగం. ఒక్కసారీ ఎగరేయనివాడికి అది బొమ్మలాట. అన్నిటికన్నా బాధించేది, పిల్లలకు అంకెలు కల్పించడం మనమే అలవాటు చేయడం.

బాగా నడిచిన పనిని కూడా మన దేశం నిలబెట్టుకోలేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలలతో మొదలై, తరవాత ఏకలవ్య సంస్థ భుజాన వేసుకున్న విజ్ఞాన బోధన కార్యక్రమంలో పల్లెటూరి పిల్లలు జట్లుగా కూర్చుని తామే కొలిచేవారు. ఒకే వస్తువుకు జట్టుకో కొలత వస్తే దాచిపెట్టకుండా తరగతిలోనే చర్చించేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్ల కృషి!

జూన్ 29 మహలనోబిస్ పుట్టినరోజు, జాతీయ గణాంక దినం. మన బడులు అప్పటికి తెరిచే ఉంటాయి. ఆ రోజు ఉపన్యాసాలు మాని ప్రతి తరగతికీ గుప్పెడు గవ్వలు ఇవ్వమని తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను వేడుకుంటున్నాను. పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు మరో విన్నపం: దత్తాంశ నిర్వహణ పాఠంలో పట్టికలు ఖాళీగా అచ్చువేయండి. శీర్షికలు ఉంచండి, గళ్లు పిల్లలు నింపుకుంటారు. ఏ ఇద్దరి జవాబూ ఒకటి కాదు కాబట్టి దిద్దడం కష్టమని ఉపాధ్యాయులు అంటారు, నిజమే. ఆ కష్టానికి తగ్గ శిక్షణా, తీరికా వాళ్లకు ఇవ్వండి.