తొలి చిత్రాలు, నిలిచిన చిత్రాలు

చలనచిత్ర చరిత్రలో ‘మొట్టమొదటిది’ అన్న మాటకున్న గౌరవం అంతా ఇంతా కాదు. 1927 నాటి ‘ది జాజ్ సింగర్’ ప్రస్తావన లేకుండా శబ్దచిత్రాల కథ మొదలుకాదు. అందులో మాటలు వినిపించేది కొద్దిచోట్లే అయినా, నిశ్శబ్ద యుగానికి తెరదించిన ఖ్యాతి దానిదే. అయితే నేడు దాన్ని వెతికి చూసేవారు ఎక్కువగా సినిమా చరిత్ర చదువుకునేవారే. నాలుగేళ్ళ తరువాత, హాలీవుడ్ అంతా మాటలు నేర్చిన కాలంలో, చాప్లిన్ ‘సిటీ లైట్స్’ను సంభాషణలు లేకుండానే తీశాడు. సంగీతాన్నీ కొన్ని ధ్వనులనూ మాత్రం వాడుకున్నాడు. చూపు వచ్చిన పూలమ్మాయి తనకు మేలు చేసినవాణ్ణి చేతిస్పర్శతో పోల్చుకునే ఆ చివరి దృశ్యంలో మాట లేని లోటు ఎవరికి తడుతుంది?

ఇంతమాత్రాన సాంకేతికత వ్యర్థమనడం తొందరపాటే. కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ (1957)లోని ప్రియదర్శిని పేటికనే చూడవచ్చు. తెరిచినవారికి ప్రియమైనదేదో అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు! మార్కస్ బార్‌ట్లీ కెమెరా చేసిన ఆ కనికట్టు ఆనాడు అబ్బురమే. చేతిలో ఫోనున్న నేటి ప్రేక్షకుడికి కాదు. అయినా రేవతి వంతు వచ్చేసరికి నవ్వు ఆగదు. అక్కడ యంత్రం చేసిన పని పాత్రల మనసు విప్పిచూపడం. సంభాషణల్లో చెప్పాలంటే పది నిమిషాలు పట్టే సంగతి అది.

గ్రాఫిక్స్ షాట్లెన్ని, ఖర్చెంత అని లెక్కపెట్టే నేటి సమీక్షలు అడగని ప్రశ్న ఇదే: ఆ షాటు లేకపోతే కథలో ఏం తగ్గుతుంది? తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ (1974). ఆ వెడల్పు తెర కొన్నాళ్ళకే అందరి సొత్తయింది; మన్యం వీరుడి కథ మాత్రం ఆ చిత్రానిదిగానే గుర్తుండిపోయింది.

మళ్ళీ ‘మాయాబజార్’కే వస్తే, అందులో అన్నిటికన్నా గొప్ప మాయకు కెమెరా సాయం దాదాపు లేదు. ఘటోత్కచుడు శశిరేఖగా మారడం క్షణకాలపు ట్రిక్కు. ఆ తరువాతదంతా సావిత్రి పనే. సుకుమారి రూపంలో రాక్షసుణ్ణి నడకలో, కనుబొమల విరుపులో, ఉలికిపడి సర్దుకునే తీరులో నిలిపింది. 2010లో ఈ చిత్రానికి రంగులద్దారు. ఆమె చీరకు ఏ రంగు వేయాలో ఆ నిపుణులు ఆలోచించుకోవలసి వచ్చింది. నడక జోలికి పోవలసిన పని పడలేదు.