పద్యనాటకంలో తబలా వాద్యకుడు

పద్యనాటకాన్ని గురించిన మన విమర్శలో నటుని గాత్రానికి, రాగాలాపనకు దక్కిన స్థానం గణనీయమైనది. హార్మోనిస్టు ప్రసక్తి కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. తబలా వాద్యకుని విషయంలో మాత్రం చక్కని సహకారం అందించాడన్న మాట దాటి విమర్శ ముందుకు సాగడం అరుదు. అతని కళను అతని జీవిక ఎలా తీర్చిదిద్దుతున్నదో గమనించకుండా ఆ కళకు విలువకట్టడం సాధ్యం కాదు.

1885లో 'కీచకవధ' ప్రదర్శనతో ఆరంభమైన సురభి వంటి సమాజాలలో వాద్యకుడు బృందంలో ఒకడు. తరచు ఆ కుటుంబంలోనే ఒకడు. నటుల పోకడలు నిత్యసాహచర్యం వల్ల అతనికి తెలిసేవి. సినిమా ప్రాబల్యంతో నాటక సమాజాలు క్షీణించిన కొద్దీ కాంట్రాక్టు పద్ధతి బలపడింది. నటులు వేర్వేరు ఊళ్ల నుంచి సాయంత్రానికి చేరుకుంటారు. కలిసి సాధన చేసే వ్యవధి ఉండదు. రాత్రికి ఇంతని మాట్లాడుకొని వచ్చిన తబలా వాద్యకుడు, హార్మోనిస్టుతో కలిసి ఆ ప్రదర్శనకు ఏకత్వం సమకూర్చవలసి ఉంటుంది.

తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయాలు' ప్రదర్శనలలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రంగం మీదికి రావడం పరిపాటి. అందరి శ్రుతీ ఒకటి కాదు. కుడి తబలాను సుత్తితో సవరించగల మేర స్వల్పం కనుక వేర్వేరు శ్రుతుల తబలాలు వెంట ఉండాలి. పైగా పద్యం తాళబద్ధం కాదు. నటుడు రాగం సాగిస్తున్నంతసేపు తబలా సంయమనం పాటించాలి. పాట ఎత్తుకోగానే నడక అందించాలి. ఎక్కడ వాయించకూడదో తెలియడమే ఇక్కడ ప్రధాన విద్య. కచేరీ విద్వాంసుని కొలమానం దీనికి సరిపోదు.

ఈ విద్యకు ముప్పు కూడా జీవిక నుంచే వస్తున్నది. నటుని మెప్పు, ప్రేక్షకుల 'వన్స్‌మోర్' కేకల మీదనే రేపటి పిలుపు ఆధారపడినప్పుడు, పద్యం చివర అనవసరమైన ముక్తాయింపులతో చప్పట్లు రాబట్టే ధోరణి కొందరిలో ప్రబలుతుంది. రససిద్ధికి అవసరమైన నిశ్శబ్దం దానివల్ల భగ్నమవుతుంది. దీనిని కేవలం అభిరుచి లోపంగా పరిగణించడం న్యాయం కాదు.

కర్ణాటక తీరప్రాంతపు యక్షగాన మేళాలలో చెండె, మద్దళె వాద్యకులు ఇంచుమించు నవంబరు నుంచి మే వరకు సాగే ప్రదర్శనలకు మేళంతోనే కుదురుకుంటారు. భాగవతునితో పాటు వేదికపైనే వారి స్థానం. మన తబలా వాద్యకునికి అటువంటి భరోసా లేదు. శివరాత్రి, శ్రీరామనవమి, జాతరల రోజులలో ఊపిరి సలపని పని, వానాకాలంలో ఖాళీ.

నాటకోత్సవాలు నిర్వహించే సంస్థలు వాద్యకునికి విడిగా పారితోషికం నిర్ణయించి, ప్రదర్శనకు ముందు ఒక పూటైనా నటులతో సాధన ఏర్పాటు చేయడం అవసరం. ధ్వనిముద్రణలలో అతని పేరు నమోదు కావాలి. విమర్శకులు కూడా అతడు ఏ పద్యం వద్ద ఎంతసేపు ఆగాడో, ఆ ఆగడం సన్నివేశానికి ఏమి చేకూర్చిందో రాయడం ఆరంభించాలి.