తలలేని రౌతు: స్లీపీ హాలో కథలో భయస్వరూపము

వాషింగ్టన్ ఇర్వింగు 1820లో ప్రకటించిన స్లీపీ హాలో కథను హాస్యకథగనే పరిగణించినవారు పెక్కురు. పల్లెబడి పంతులు ఇకబాడ్ క్రేన్ రాత్రివేళ ఒంటరిగా మరలుచుండగా తలలేని రౌతొకడు వెంబడించి, తన తలను విసరును. మరునాడు వాగు గట్టున పంతులు టోపీయు, దానిచెంత పగిలిన గుమ్మడికాయయు కనబడును. కావున దయ్యము ప్రతిద్వంద్వి బ్రోమ్ బోన్సే యనియు, కథ యంతటితో తేలిపోయిన దనియు వారి తీర్పు. ఇది తొందరపాటు తీర్పని మా యభిప్రాయము.

ఆకరాన్వేషకుల కృషి విలువ గలదియే. జర్మను రచయిత ముజేయస్ 18వ శతాబ్ది చివర ప్రకటించిన రూబెట్సాల్ కథలలో తలను విసరు మొండెపు మూర్తియు, ఆ తల గుమ్మడికాయ యగుటయు నున్నవి. ఇర్వింగు దానిని గ్రహించెననుట యుక్తమే. అయిన నచ్చట వేషధారి పట్టుపడును. ఇచ్చట పట్టుపడువా డెవ్వడును లేడు. గుమ్మడికాయ మాట వచ్చినపుడు బ్రోమ్ బోన్సు విరగబడి నవ్వుననియే గాని, తానే చేసితినని యొప్పుకొనినట్లు రచయిత యెచ్చటను చెప్పడు. ఈ భేదమును విడిచి సామ్యమునే లెక్కించు పరిశోధన సగము పరిశోధన.

కథకు ప్రాణము దారి. వాన్ టాసెల్ ఇంట విందునాటి రాత్రి పెద్దలు చెప్పుకొనిన కథలను గమనింపుడు. 1780లో పట్టుబడి యురిదీయబడిన మేజర్ ఆండ్రీ పేరి చెట్టు, చర్చి యొద్ది వంతెన, అచ్చట మాయమగు రౌతు: అన్నియు ముందే వినిపించినాడు. పిమ్మట పంతులు ఆ చెట్టు క్రిందుగనే, ఆ వంతెనవైపుగనే పోవలసివచ్చును. విన్న కథయే త్రోవయై యెదుట పరచుకొన్నది. రౌతును సైతము రచయిత ఒక్కసారిగా చూపడు. మొదట చీకటిలో నొక నల్లని యాకారము; పంతులు వేగిరించిన వేగిరించును, నెమ్మదించిన నెమ్మదించును, పలుకదు. మిట్ట యెక్కినపుడు ఆకాశము వెనుకగా మెడపై తల లేమి తెలియును. ఆ తల జీనుపై నుండుట యటుపిమ్మట. ఇంత నేర్పు కేవలము నవ్వించుటకా?

ఆ రౌతెవడో కూడ మరువరాదు. 1775–83 నాటి అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున ఆంగ్లేయులు కూలికి తెచ్చిన సుమారు 30,000 మంది జర్మను సైనికులలో నొకడు. పరుల యుద్ధమున ఫిరంగిగుండుకు తలనిచ్చినవాడు. వానికి పేరు లేదు. డచ్చి పల్లె వానికి దయ్యముగా మాత్రమే చోటిచ్చినది.

పంతులు బ్రతికియే యున్నాడని, న్యాయాధికారి యయ్యెనని యొక రైతు వార్త తెచ్చును. పల్లె ముదుసలులు నమ్మరు. వారే యిట్టి విషయములలో తగిన తీర్పరులని రచయిత పరిహాసమాడినాడు. అయినను, అనుబంధమును ప్రక్కనుంచినచో, పాడువడిన బడిచెంత నిశ్చలమైన వేసవి సాయంకాలమున ఇలు చేరు దుక్కి కుఱ్ఱవానికి ఆ పంతులు పాట దూరమున వినవచ్చినట్లు తోచుననుచు కథ ముగించినాడు. అచ్చట నవ్వు లేదు.