‘ఏం చేయమంటారు?’: తీవ్ర పక్షవాతంలో వైద్యుడికీ కుటుంబానికీ మధ్య మాట

‘పక్షవాతం’ అనే పదం రోగాన్ని శరీరంలో ఒక పక్కకు పరిమితం చేసింది. మెదడులో రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో అందులో కనిపించదు. చచ్చుబడిన కాలూ చెయ్యీ మాత్రమే కనిపిస్తాయి. అందువల్లనే రోగికి స్పృహ లేని స్థితిలోనూ బంధువులు ‘చెయ్యి ఎప్పటికి కదులుతుంది?’ అని అడుగుతారు. వైద్యుడు మెదడు వాపు గురించి చెబుతుంటాడు. ఇటువంటి సందర్భంలో తరచుగా వినిపించే మూడు వాక్యాలను భాషాదృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది, ‘ఇక చేయగలిగిందేమీ లేదు’. ఇది వాస్తవవిరుద్ధం. నొప్పి, ఆయాసం తగ్గించడం, నోరు తడిగా ఉంచడం, పుండ్లు పడకుండా ఒత్తిగిలించడం కూడా చేయడమే. చికిత్స సాగుతుండగానే ఇటువంటి సంరక్షణ మొదలుకావచ్చు. దీనికి ‘ఉపశమన సంరక్షణ’ అనే అనువాదం ఉంది. వ్యాకరణరీత్యా దోషం లేదు గాని, ఆసుపత్రి వరండాలో అది ఎవరికీ అందదు. ‘బాధ లేకుండా చూసుకోవడం’ అంటే అందరికీ తెలుస్తుంది.

రెండవది, ‘48 గంటలు గడిస్తే గాని ఏమీ చెప్పలేం’. దీన్ని దాటవేతగా కొట్టిపారేయలేం. మెదడులో రక్తస్రావమైనప్పుడు, గుండె ఆగితే తిరిగి ప్రయత్నించవద్దనే నిర్ణయాన్ని కొత్తగా తీసుకోవడం కనీసం రెండవ పూర్తి రోజు వరకు వాయిదా వేయడం మేలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు సూచించాయి. లోపం ఆ వాక్యంతోనే ఆగిపోవడంలో ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శస్త్రవైద్యురాలు మార్గరెట్ ష్వార్జ్ బృందం రూపొందించిన పద్ధతిలో వైద్యుడు అత్యుత్తమ, అతి హీన పరిణామాలను రెండు కథనాలుగా చెబుతాడు. ‘బాగా కోలుకుంటే మిమ్మల్ని గుర్తుపడతారు, కానీ మంచం దిగలేకపోవచ్చు’ అనడానికి తెలుగు చేదర్థకం చక్కగా సరిపోతుంది.

మూడవది, అన్నిటికన్నా బరువైనది, ‘ఏం చేయమంటారు?’. రూపంలో ఇది మర్యాద. ఫలితంలో అపరాధభావాన్ని పెద్దకొడుకు చేతిలో పెట్టడం. యంత్రం వద్దంటే తండ్రిని చంపినవాడవుతాడు. ‘నాన్నగారు మాట్లాడగలిగితే ఏం కోరుకునేవారు?’ అంటే నిర్ణయానికి కర్త మారతాడు. ముందస్తు వైద్య నిర్దేశాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ ప్రక్రియను సరళం చేసింది. అయితే అటువంటి పత్రం లేని ఇంట్లో మిగిలేది ఈ ప్రశ్నే.

దీనికీ ఒక అభ్యంతరం ఉంది. మనిషి మంచం మీద ఉండగా అటువంటి మాటలు అశుభమని మన ఇళ్లలో భావిస్తారు. మా పెద్దనాన్నగారి విషయంలో ‘ఏం చేయమంటారు?’ అన్న తర్వాత రెండు రోజులు ఎవరూ నోరు విప్పలేదు. ఒక పెద్ద వయసు నర్సు మాత్రం పెద్దమ్మ పక్కన కూర్చుని, ‘ఇంతకుముందు మీవాళ్లలో ఎవరైనా మంచాన పడితే పెద్దాయన ఏమనేవారమ్మా?’ అని అడిగింది. భూతకాలంలో అశుభం లేదు. పెద్దమ్మ వెంటనే చెప్పింది: ‘వాళ్లన్నయ్యని చూసొచ్చిన రోజు, నాకు మాత్రం ఆ గొట్టాలు వద్దే అన్నారు’.